ఈగలు తోలిన ఆదివారం

"పని లేక ఈగలు తోలుకోవడానికి
అడయారు దాకా బస్సెందుకు?" అంది దమయంతి
దుప్పట్లోంచి, సగం నిద్రలో.

నిజమే. నా ఈగల్ని నేనే కట్టుకుంటాను:
సైదాపేట కోళ్ళ కొట్లో అడిగి తెచ్చిన పుంజు మెడ ఈకలు,
ఆమె జాకెట్లు కుట్టగా మిగిలిన ఎర్ర దారం,
పైన కాస్త, పళ్ళ సెట్టు చిగుళ్ళకి వాడే గులాబి మైనం.
వారంలో ఆరు రోజులు రాయపేటలో
మదరాసు ముసలి నోళ్ళకి పళ్ళు కడతాను.
ఏడో రోజు
గాలానికి రెక్కలు.

విరిగిన వంతెన కింద నీళ్ళకి ఇంకా తెల్లారలేదు.
సముద్రం పోటెక్కి నదిని వెనక్కి నెడుతోంది,
నది కంపు మాత్రం ఒక్క అడుగు వెనక్కి తగ్గలేదు.
మోకాటి లోతున బురదలో నిలబడి
దారాన్ని తల మీదుగా వెనక్కి, ముందుకి, మళ్ళీ వెనక్కి ఆడించి
ఈగని మెత్తగా వాలనిచ్చాను.

మొదటి విసురుకి షాంపూ పొట్లం.
ఏడో విసురుకో ఎన్నో విసురుకో చామంతి దండ,
ఏ మెడలోదో, ఏ పాడె మీదిదో.
తర్వాత అదీ లేదు.

మడవలు ఉన్నాయి. లేకేం.
నా పక్కనే వెండి రేకుల్లా ఎగిరి పడుతున్నాయి,
నా ఈగ దగ్గరికొచ్చి
పెళ్ళిలో గిల్టు నగ పసిగట్టిన పెద్దమ్మల్లా
మర్యాదగా పక్కకి తప్పుకుంటున్నాయి.

ఊరూరు కుప్పం ఏళుమలై వల భుజానేసుకుని దిగాడు.
"ఎర లేకుండా చేపా? అన్నా,
మీ తెలుగోళ్ళకి ఓపిక జాస్తి."
మా అమ్మ పండుగప్ప అనే చేపని అతను కొడువా అంటాడు.
ఏ పేరు పెట్టి పిలిచినా అది రాలేదు.

ఎనిమిదిన్నర. పోటు ఆగింది.
అచ్చు తీయడానికి కలిపిన సున్నం
గట్టిపడే ముందు నిమిషంలా
నది కదలక మెదలక ఉంది.

అప్పుడొచ్చింది, సముద్రం వైపు నుంచి, నీటికి జానెడెత్తున.
నల్ల టోపీ, నల్ల వీపు, పొట్టంతా తెలుపు,
ముక్కు పండు మిరపకాయ.
ముప్పై ఏళ్ళ వృత్తి కదా, నా కళ్ళు ముందు దవడ మీదే పడ్డాయి:
కిందిది పొడుగు, పైది పొట్టి.
కొరుకు కలవదు.
ఇలాంటి అచ్చు వస్తే డాక్టరుకి తిప్పి పంపేవాణ్ణి.

ఆ కలవని నోరే తెరిచి
కింది దవడని నీళ్ళలో దించి
ఆ గట్టు నుంచి ఈ గట్టుకి గీత గీసుకుంటూ పోయింది,
గుడ్డ మీద దమయంతి సుద్దముక్క నడిచినంత తిన్నగా,
రెక్కల కొసలు తడవకుండా.
గీత రెండు పాయలై వచ్చి నా మోకాళ్ళని తాకింది.

వల అంచు పళ్ళతో పట్టుకుని విసరబోతున్న ఏళుమలై
నోరు తెరిచాడు. వల జారింది.
"నలభై ఏళ్ళుగా ఇక్కడే ఉన్నాను. దీన్ని చూళ్ళేదు."
పేరడిగాను.
"మాకు పట్టేవాటికే పేర్లు."

అది మళ్ళీ వచ్చింది, తన గీత మీదే ఇంకో గీత.
నా ముందే టప్పున నోరు మూసింది.
దగ్గరగా చూశాను.
ఖాళీ.
దానికీ ఏమీ పడలేదు.
వచ్చిన దారినే సముద్రంలోకి పోయింది.
ఫోను సంచి అడుగున, తడి తువ్వాలు కింద ఉండిపోయింది.

"ఎన్ని తోలావు?" అంది దమయంతి, మిషన్ తొక్కుతూనే.
చెప్పడానికి మాటలు వెతుక్కోలేక
ఆమె సుద్దముక్క తీసుకుని
కత్తిరింపు బల్ల మీద ముక్కు గీశాను.
ఆమె మిషన్ ఆపి, వంగి చూసి,
"పైది పొట్టిగా వేశావు, దిద్దు" అంది.

దిద్దలేదు.
సోమవారం పొద్దున ఎవరిదో పచ్చ సిల్కు పరిచేదాకా
అది అక్కడే ఉంది.