పదిహేడు నంబరు పానా

సోహార్ రేవు పక్కన, రిఫైనరీ గోడ లోపల
పొద్దు పొడవకముందే ఉక్క డ్యూటీ ఎక్కుతది.
నాలుగున్నరకు నలభై రెండు హెల్మెట్లు నా ముందర నిలబడుతయి.
హెల్మెట్లే.
వాటి కింద మొఖాలు ఇంకా క్యాంపుల నిద్రపోతుంటయి.

నా చేతిల లామినేషన్ కాయితం:
'ఎత్తు నుండి వస్తువులు జారిపడుట ప్రమాదకరము.'
ఏడు నెలలు ఇదే చదివిన,
నాకొచ్చిన హిందీల, సగం చేతులతోని.
అయినంక తలకాయలు ఊగేటియి
గాలికి జొన్న కంకులు ఊగినట్టు,
ఒప్పుకున్నట్టూ కాదు, కాదన్నట్టూ కాదు.

ఒకనాడు కాయితం మరిచిపోయిన.
బస్సుల సీటు కింద జారిందో ఏమో.
జేబు తడిమితే పానా దొరికింది, పదిహేడు నంబరుది,
మూతి అరిగింది, పిడికి ఎవరో ఎర్రరంగు పూసిన్రు.
ఇగ ఏం జెయ్యాలె?
పైకెత్తి పట్టుకొని
"వీని పేరు లచ్చులు" అన్న.
ఎందుకన్ననో నాకే ఎరుక లేదు.

"లచ్చులుకు పైన పొద్దుపోతలేదు.
యాభై మీటర్ల మీద, కాలే పైపుల నడుమ,
పలకరించే దిక్కు లేదు.
కింద నీడ ఉన్నది. నీళ్ల డబ్బా ఉన్నది.
డబ్బా కాడ యూసుఫ్ కూసోని
ఫోన్ల బిడ్డ ఫొటో చూసుకుంటున్నడు.
లచ్చులుకు ఆ ఫొటో చూడబుద్ధయింది."

ఆడ ఆగిన.
అబద్ధమెందుకు, ముందట ఏం చెప్పాల్నో తోచక ఆగిన.
హెల్మెట్లు ఒక్కొక్కటి పైకి లేసినయి.
క్రేన్ నడిపే పఠాన్, గుల్‌జమాన్,
నస్వార్ ఈ దవడ నుంచి ఆ దవడకు మార్చి
"ఫిర్?" అన్నడు.

ఏడు నెలలు నేను
ఆ ఒక్క మాట కోసం నిలబడ్డనని
గప్పుడు తెలిసింది.

పానా ఇడిసిపెట్టిన. నా ఛాతీ ఎత్తు నుంచే.
కింద ఇనుప పలక.
ఠంగ్!
యూసుఫ్, నిజం యూసుఫ్, చిట్టగాంగ్ పిల్లగాడు,
రెండడుగులు వెనక్కి దుంకిండు.
ఎవ్వరూ నవ్వలే.

తెల్లారి పానాలకు తాళ్లు కనబడ్డయి.
కట్టుమని నేను అనలే.
కొన్ని నైలాన్‌వి, ఒకనిది బూటు లేసు.
"లచ్చులు ఇయ్యాల ఏడికి పోతుండు?"
అని బస్సు దిగుకుంటనే అడుగుతున్రు.

మేనేజరు ఏసీ గదిలకు పిలిచిండు.
"బాగుందయ్యా మొగిలీ,
నాలుగు స్లైడులు చెయ్యి, స్లైడుకు మూడు పాయింట్లు."
సరే సార్ అని రాత్రి కూసున్న.
మూడు పాయింట్లు చేస్తే
లచ్చులుకు ఏ ఫొటో మీదా పాణం పోతలేదు.
ఒట్టి ఇనుమైండు.
ఫైలు మూసేసి పండుకున్న.

తొమ్మిదో రోజు, కళ్లద్దాలకు ఆవిరి కమ్మిన పొద్దు,
వెనక వరుస నుంచి ఖడ్కా వచ్చిండు.
నేపాలీ పిల్లగాడు, వాని గొంతు ఎట్లుంటదో
వాని గదిల ఉండేటోళ్లకే తెల్వదు.
ఖాళీ చెయ్యి ముందరికి చాపిండు.
"నా లచ్చులు బేస్తవారం పడ్డడు.
పానా కాదు, బోల్టు. మూడో అంతస్తు నుంచి.
కింద ఒకాయన పోతున్నడు.
చూసిన. చెప్పలే. జీతం కోస్తరని."

ఎవరు పోతున్నరురా అంటే
వేలు లేపిండు.
నా దిక్కు.

బేస్తవారం.
అవును, ఏదో చప్పుడైంది.
పిల్లి అనుకున్న.

తృటిల తప్పిన ప్రమాదాల రిజిస్టరు తీసిన.
మొదటి పేజీ ఇంకా తెల్లగనే ఉన్నది.
తేది రాసిన. అంతస్తు రాసిన.
ఎవరి చేతిలోంచి అన్న గడి ఖాళీగ ఇడిసిన.
'ఎట్ల తెలిసింది' అన్న గడి కాడ
పెన్ను చానాసేపు ఆగింది.
కథ అని రాస్తే ఆడిటరు కొట్టేస్తడు.
'తనిఖీలో' అని రాసి సంతకం పెట్టిన,
ఈర్ల మొగిలి, సేఫ్టీ స్టివార్డ్.

జేబుల లచ్చులు
తొడకు వెచ్చగ తగులుతున్నడు.