పులస పెంకు

ఆవందిబ్బ మీద కట్టిన మ్యూజియంలో
నేను టిక్కెట్లు చింపుతాను.
పెద్దలకు పది, బడిపిల్లలకు రెండు,
కోరంగి మడ అడవికని బయల్దేరి దారి తప్పినవాళ్లకు
మంచినీళ్లు ఊరికే.

మొదటి గదిలో మన కుమ్మరి ఆవం,
బూడిద పొరలు, మసిబారిన మూకుళ్లు.
అక్కడెవరూ ఆగరు.

రెండో గదిలో, అద్దం కింద,
అరచేతిలో సగముండే పింగాణీ పెంకు.
తెలుపు మీద నీలం,
నీలంలో ఒక డ్రాగన్ కాలు,
కాలికి నాలుగే గోళ్లు.

ఐదుండాలట.
చక్రవర్తి గిన్నె మీద గోరు తగ్గితే
బట్టీ వాకిట్లోనే పగలగొట్టి
గొయ్యి తీసి పూడ్చేసేవారట, చైనాలో.
గోరు పోతే పోయింది,
మనలాంటోళ్లు అందులో గంజి తాగుతారని భయం.

ఇదెలా తప్పించుకుందో లేబుల్లో లేదు.
మేడంగారు "సముద్ర వాణిజ్యం" అని రాయించారు.
ఎవడో బట్టీ కూలీ
పై బట్ట కింద దాచుకుని
చలిలో రేవుదాకా నడిచుంటాడని నాకనిపిస్తుంది.

దీన్నిచ్చింది ఓలేటి నూకరత్నం.
వాళ్లత్తగారి అత్తగారు పాయలో వల లాగుతుంటే
కాలికి గుచ్చుకుందట.
నెత్తురు కడిగి, పెంకు కొంగున కట్టుకుంది.
అప్పట్నించీ ఆ ఇంట్లో
చేప పొలుసు గీకింది దీంతోనే.
"కత్తయితే తోలు చీరేస్తాది.
ఇది పసిబిడ్డకి నలుగెట్టినట్టుంటాది" అంటుంది.
డ్రాగన్ని ఉడుమంటుంది.

ఇచ్చినరోజు శాలువా కప్పారు.
అదిప్పుడు కోళ్లగంప మీద.

ఏటా గోదారి ఎర్రబడి
పులసలు ఎదురెక్కే నెలలో
చేతుల నీచు వాసనతో వస్తుంది రత్నం.
టిక్కెట్టు అడగను.
అద్దం మీద ఊపిరి పడేలా వంగి,
"ఈ అంచు ఇటేపే అరిగింది చూడు,
మా అత్తది ఎడంచేతి వాటం."

ఆ అరుగుదలకి లేబుల్లో పేరు
"ఉపరితల నష్టం".

మొన్న ఆషాఢంలో
గాలివానకి కరెంటు పోయింది.
మేడం కాకినాడలో మీటింగు.
తాళంచెవి నా మొలతాడుకుంది.
రత్నం ఏమీ అడగలేదు.
నేనూ ఏమీ అనలేదు.

మర్నాడు పొద్దున్నే పెంకు అద్దం కిందికి చేరింది.
నాలుగు గోళ్ల పక్కన
ఒక్క పొలుసు, గోరంత, ఎండి అతుక్కుని ఉంది.
గుడ్డ తీశాను. మళ్లీ జేబులో పెట్టుకున్నాను.

పదింటికి తాళ్లరేవు బడిపిల్లలు.
రెండు జడల పిల్ల వేలు చాపి లెక్కపెట్టింది.
"ఐదున్నాయండీ, తప్పు రాశారు."
అని ఊరుకుందా,
ముక్కు ఎగబీల్చి
నావైపు అదోలా చూసింది.