శేషం

పిడుగు పడ్డ రాత్రి
చీమకుర్తి క్వారీ ఆఫీసులో మదర్‌బోర్డు కాలిపోయింది.
ఒంగోలు కర్నూలు రోడ్డు నుంచి కొత్తది సంచిలో వేసుకుని
పొద్దున్నే బస్సెక్కి వచ్చి నేనే బిగించాను.
డిస్కు బతికే ఉంది.
బోర్డు మారిందని పసిగట్టి మాత్రం
పొలిమేరలో కొత్త మనిషిని ఆపినట్టు ఆపింది:
ఎవరు నువ్వు? ఎవరి తాలూకు?
నలభై ఎనిమిది అంకెలు చెప్పి లోపలికి రా.

"బ్యాకప్ ఉండాది గదమ్మా షమీమూ!" అన్నాడు చెంచురెడ్డి.
ఉంది.
కంప్యూటర్ మొత్తాన్ని అచ్చు దించినట్టు దించిన ఇమేజ్,
పోయిన వినాయక చవితి నాటిది,
అదే డిస్కులో, రెండో అరలో,
అదే తాళం కింద.
అంకెలు రాసిపెట్టుకున్న ఫైలూ అక్కడేనట.
బీరువా తాళాలు బీరువాలోనే పెట్టి
తలుపు లాగేసిన కొంప.

గుమ్మంలో నిలబడి డ్రిల్లరు బాలకోటయ్య
తలగుడ్డతో ముఖం మీది పొడి తుడుచుకున్నాడు.
"గెట్టిగా కొడితే రాదా?"
ఆయనకే తెలుసు రాదని.
మందు ఒక పిడికెడు ఎక్కువైతే
నల్లరాయి లోపల వెంట్రుకంత బీట పాకి
ఓడెక్కాల్సిన బండ
రోడ్డు కంకరవుతుంది.
దీన్ని పగలగొట్టలేం బాబాయ్, ఊడ్చేయగలం.
ఊడిస్తే ఖాళీ డిస్కు మిగులుతుంది,
కొత్తదానిలా, ఎవరూ గుర్తులేకుండా.

తాళం వేసింది మాలకొండయ్య.
పదిహేడేళ్ళు లెక్కలు రాసి
రెండు నెలల కింద మాటా మాటా వచ్చి
చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.
చెంచురెడ్డి చేస్తే ఫోను ఎత్తలేదు.
నా నంబరుకి ఎత్తాడు.
"రాయాల్సింది రాసే వచ్చా. పుస్తకం చూసుకోమను."
పెట్టేశాడు.

ఏ పుస్తకం?
టీ మరకలు, ఈగ రెక్కలు, గ్రానైటు బూడిద.
మధ్యాహ్నానికి రాళ్ళ రిజిస్టరు దొరికింది.
యార్డులో బండలవన్నీ నాలుగంకెల నంబర్లు.
మార్చి పేజీ అడుగున మాత్రం
ఎనిమిది రాళ్ళు, ఆరేసి అంకెలతో,
పొడవు లేదు, వెడల్పు లేదు,
కొన్నవాడి పేరు లేదు.
బాలకోటయ్య యార్డంతా తిరిగొచ్చాడు.
"ఈ రాళ్ళు యాడా లేవు."

నాకు నవ్వొచ్చింది.
ఏడు రాళ్ళు తిన్నగా ఎక్కాయి.
అయిదోదాని నాలుగో అంకె మీద
ఎవరిదో డీజిలు బొటనవేలు.
మూడు ఒకటి ఏడు, మరక, రెండు అయిదు.
సున్నానా? ఆరా? ఎనిమిదా?
ఈ తాళానికి ఒక మర్యాద ఉంది:
ప్రతి ఆరంకెల ముక్కా పదకొండుతో తెగాలి.
బోర్డు బిల్లు వెనక భాగహారం చేశాను,
మూడో తరగతిలో పలక మీద చేసినట్టు.
సున్నా తెగలేదు. ఎనిమిది తెగలేదు.
ఆరు పెడితే
శేషం లేదు.

తెర తెల్లబడింది.
ఇమేజ్‌ని ముందు బయటి డిస్కుకి ఎత్తుకుని
పునరుద్ధరణ మొదలుపెట్టాను.
నాలుగు గంటలంటుంది, తొమ్మిది నిమిషాలంటుంది,
మళ్ళీ ఆరు గంటలంటుంది,
బస్టాండులో ఎంక్వైరీ కౌంటరులా.
బయట మిషను ఒక బండను సానపడుతోంది.
నలుపు లోంచి చుక్కలు ఒకటొకటే తేలుతున్నాయి.

చీకటి పడ్డాక లెక్కల ఫైలు తెరుచుకుంది,
మూసిన చోటనే.
జీతాల పేజీ.
కె. మాలకొండయ్య, నాలుగు నెలలు, చెల్లించినది సున్న.
పక్క గడిలో పసుపు రంగు పూసి
శేషం.

చెంచురెడ్డి నా భుజం మీదుగా చూశాడు.
మౌసు అందుకుని
పేజీ కిందికి జరిపాడు,
మళ్ళీ పైకి జరిపాడు.
"కొత్త తాళం యాడ రాసుకోమంటావమ్మా?"

ఆఖరి బస్సు ఎనిమిదిన్నరకి.
నా కూలీ తీసుకుని
రిజిస్టరు ఆయన వైపు తిప్పి,
మార్చి పేజీ దగ్గర
పెన్ను పెట్టి వచ్చాను.