గోరుగల్లు

శనివారం రాత్రి, కడప పాత బస్టాండు.
టమాటా అన్నం పొట్లాలు అయిపోయినాయి,
ఎఫ్రాయిమన్న ప్రార్థన అయిపోలేదు.
నా వంతు గోళ్లు తీయడం.

మూసిన టీకొట్టు మెట్టు మీద
మస్తానయ్య కాలు చాపినాడు:
మట్టి, చీము, పగిలిన మడమ.
సంఘంలో వాక్యం చదివేటప్పుడు వణకని చెయ్యి
బొటనవేలి కాడ వణికింది.

కట్టరు గుంజుకున్నాడు.
"గోరుగల్లు పట్టిన చెయ్యి బిడ్డా ఇది,
ముప్పై ఏండ్లు పెండ్లికొడుకులకు తీసింది.
ముందు కాళ్లకు నీళ్లు పోయల్ల.
మీ పుస్తకంలో లేదా?"

ఉంది.

నీళ్ల పాకెట్టు ఒకటే మిగిలింది.
పంటితో కొరికి, సన్నంగా పోసినా.
చురుక్కుమనిందేమో,
ఎవరినో బూతు తిట్టి, నవ్వినాడు.

ఎఫ్రాయిమన్న ఆమెన్ అన్నప్పుడు
మేమింకా
రెండో కాలి చిటికెన వేలి కాడే ఉన్నాము.