ఒకటిన్నర చప్పుడు

కాజీపేట రైల్వే గ్రౌండుల
రెండు నీలగిరి కట్టెలు, నడుమ నైలాన్ తాడు.
అదే మా గోలు.
బంతి ఒక్కటే. అదీ బంతి లెక్క లేదు.
"బొప్పాయి కాయకు తోలు తొడిగిండ్రా?" అన్నది మా బాపమ్మ
మొదటిసారి సూసి.

యాకమ్మ మేడం బూట్లు ఇప్పి
వట్టి కాలుతోనే సూపెట్టింది:
రెండు చేతుల నడుమ నిలువుగ పట్టు,
కొస నీ దిక్కు జర వాల్చు.
ఇసిరెయ్యకు, ఎగరెయ్యకు.
ఇడిసిపెట్టు, గంతే.
అది నేలను ముట్టి లేసే గడియల
కాలు అక్కడ ఉండాలె.
తల మాత్రం లేపకు.

ఇడిసిపెట్టుడే రాలే నాకు.
ఎనుమాముల మార్కెట్ల మిర్చి బస్తాలు కుట్టే ఇంట్ల పుట్టినదాన్ని,
చేతికొచ్చింది గట్టిగ పట్టుకోవాల్నని నేర్సిన.
ఆఖరి గడియల ఏళ్ళు బిగుసుకునేటియి,
బంతి వంకర పడేది.
ఒకపారి నా ముక్కుకే తగిలింది,
ఒకపారి భూలక్ష్మి టిఫిన్ డబ్బ మీదికి దుంకింది.
పులిహోర మొత్తం మట్టిపాలు.
మూడు దినాలు నాతోని మాట్లాడలే అది.

"చప్పుడు ఇను," అన్నది మేడం.
"నేల చప్పుడు ఒకటి, కాలు చప్పుడు ఒకటి,
నీయి రెండు ఇనొస్తున్నయ్.
రెండు గాదు. ఒకటిన్నర ఉండాలె."

ఒకటిన్నర!
రాత్రి పండుకోని ఎతుక్కున్న.
గోడ అవుతల ఇంజను డబ్బాలకు తగులుకునే చప్పుడు,
అది రెండు.
అమ్మ దబ్బనం గోనెల దిగి, ఎంబడే దారం గుంజే చప్పుడు,
అది ఒకటి మీద జరంత.
లేసి కూసున్న.

కార్తీకం పొద్దు. గడ్డి మీద మంచు.
తల దించుకున్న. ఎడమకాలు ఏసిన.
ఏళ్ళు తెరిసిన.
తడి మట్టికి కొస ఆనింది,
కాలు ఎట్ల పోయిందో కాలుకే ఎరుక.

టఠప్.

అరుపులు. ఉరుకులు.
కట్టెల నడుమకెళ్ళి, తాడు మీదికెళ్ళి,
గోడ దాటి
రామగుండంకెళ్ళి వచ్చే బొగ్గు గూడ్సుల పడ్డదట.
ఉన్న ఒక్క బంతి
బొగ్గు మీద కూసొని ఘనపురం దిక్కు పోతున్నదట.
భూలక్ష్మి గోడెక్కి గార్డుకు రెండు చేతులు ఊపిందట.
ఆయన గూడ మర్యాదగ చెయ్యి ఊపిండట.

మేడం తిడుతదనుకున్న.
దగ్గరికొచ్చి ఒక్కటే అడిగింది:
"తల లేపినవా?"

లేపలే మేడం.
అందరు సూసిండ్రు, నాకు చెప్పిండ్రు.
నేను సూసింది మాత్రం
నా కాలు ముందట,
మంచు చెదిరిన కాడ,
బొటనేలంత గుంత.