ఒక ఊపిరి ఎక్కువున్న నీళ్ళు

చీపురుపల్లి టేసను ఎనకాల
రేకుల షెడ్డు. అందులో నాను.
పొద్దున్న పలాస బండి కూతేసినప్పుడు
నీలం డబ్బా మూత తీస్తాను.
పెద్ద వాసనుండదు, రంగుండదు,
గ్లాసులో పోసి పెడితే మంచినీళ్ళనుకుంటారు,
అంత అమాయికం.

"నీళ్ళే పిన్నీ" అన్నాడు కెమిస్టు గుంటడు తారకేశు
నాను చేరిన రోజున.
"మామూలు నీళ్ళకన్న ఒక ఊపిరి ఎక్కువ.
ఆ ఎక్కువున్న ఊపిరే రంగుని తినేస్తాది."
ఎక్కువున్నోళ్ళు తినక ఏటి చేస్తారు, అనుకున్నాను.
పైకి అన్లేదు.

ముందర సోడా. తరవాత సిలికేటు.
ఆఖర్న నీలం డబ్బా, అదీ సన్నంగా,
పోపులో ఇంగువలాగ.
ఎనభై డిగ్రీలు దాటితే గుంటడు పరిగెత్తుకొస్తాడు.
తొట్టి గిజగిజా నురగెత్తుతాది.
గోగునార ఒక్కో పోచా
ఏటో గుర్తొచ్చినట్టు కదుల్తాది.

నాకూ గుర్తొస్తాది.
గరివిడి అవతల మా గెడ్డలో
మొలలోతు నీళ్ళలో నిలబడి
ఊరిన గోగుకట్టలు ఒలిచేవోళ్ళం, నానూ మా అప్పా.
ఆ కంపు జుట్టుకి పట్టేస్తే
కుంకుడు రసం కూడా చేతులెత్తేసేది.
ఇక్కడ గంటన్నర చాలు.
గెడ్డ పోతాది, బురద పోతాది,
మా అప్ప ఏలిముద్రలు కూడా.

మొన్న తవిటయ్య తొట్టిలో మేకు పడేసుకున్నాడు,
తుప్పుమేకు, చిటికినేలంత.
నార తీసి చూస్తే
అది ఆనుకున్న చోటల్లా బొక్కలు.
యజమాని తిట్లు రాజాం దాకా ఇనపడుంటాయి.
"ఇనుము తగిల్తే ఆ ఊపిరికి పిచ్చెక్కుతుంది పిన్నీ."
పోన్లే,
ఊపిరికి కూడా పడనోళ్ళుంటారు.

తొడుగులు చిరిగితే నా ఏళ్ళకీ అంటుతాది.
చురుక్కుమని, కొసలు తెల్లగా పాలిపోతాయి,
సున్నంలో ముంచినట్టు.
ఇంటికెళ్ళి అన్నం కలిపేవేళకి
నా రంగు నాకొచ్చేస్తాది.

నారకీ అంతే.
కిటికీ కాడ ఎవరో మరిచిపోయిన ఒక పాయ
నాలుగు ఎండలు తగిలేసరికి
పచ్చగా తిరిగిపోయింది.
తారకేశు నెత్తి కొట్టుకున్నాడు,
పుస్తకంలో ఏదో రాసుకున్నాడు,
శాంపిలుకి పనికిరాదన్నాడు.

నానడిగి తెచ్చుకున్నాను.
పెయ్య లేదు, పలుపుకి కాదు.
తాడు పేని పెరట్లో దండెం కట్టాను.
దాని మీద మొదట ఆరేసింది
నా చిరిగిన తొడుగులే.