చేతిరాత

సొమ్‌జిన్ నది గడ్డకట్టే చలికాలాల్లో
సిరా కూడా గడ్డకట్టేది.
సిరారాయిని అరచేతుల మధ్య వెచ్చబెట్టుకుని
మనుషుల్ని రాసేవాణ్ణి.

తండ్రి ఎవరని అడిగే పనిలేదు.
తల్లి ఎవరి సొత్తో బిడ్డ వాళ్ళ సొత్తు,
దూడ సంగతి ఎలాగో ఇదీ అలాగే.
పేర్లు కూడా కచేరీలోనే తేలిపోయేవి:
రాయి, పార, పందిపిల్ల, ఇకచాల్లే.
వయసు, ఎత్తు, మచ్చ, యజమాని.
సంతకం చోట
మగవాళ్ళయితే ఎడమచెయ్యి, ఆడవాళ్ళయితే కుడిచెయ్యి
కాగితమ్మీద బోర్లించమనేవాణ్ణి,
వేళ్ళ చుట్టూ కుంచె నడిపేవాణ్ణి.
ఆ చల్లదనానికి కొందరికి చక్కిలిగింత పుట్టేది.
నవ్వేవాళ్ళు.

వంటసాల ఓక్దాన్ చెయ్యి నాకు గుర్తు.
చిటికెనవేలికి చివరి కణుపు లేదు.
"అయ్యా, లేని వేలు కూడా
మీ లెక్కలోకి వస్తుందా?" అంది.
కొరడా కోసం ఎవరో లేచారు.
నేను కుంచె కడుక్కున్నాను.

తర్వాత దక్షిణాన ఓడలు దిగాయి.
తుపాకుల మోత మా దాకా రాకముందే
రాజుగారు ఉత్తరానికి వెళ్ళిపోయారని కబురొచ్చింది,
వానలో, గొడుగు పట్టే మనిషైనా లేకుండానట.
ఆ రాత్రి కచేరీ అంటుకుంది.
శత్రువు తగలబెట్టాడని ఇప్పటికీ చెబుతారు.
శత్రువు అప్పటికింకా రెండురోజుల దూరంలో ఉన్నాడు.
గడ్డివామి వెనక నక్కి చూశాను:
ధాన్యపు కొట్టు తలుపు బార్లా తెరిచి ఉంది.
పొద్దుటినుంచీ ఏమీ తినని మనుషులు
బియ్యం దాటుకుని
కాగితాల గదికి వెళ్ళారు.
ముందున్న దివిటీ ఓక్దాన్‌ది.
మల్బరీ బెరడు కాగితం వెంటనే కాలదు,
ముందు ముడుచుకుంటుంది,
ఆ వందల చేతులూ
ఒక్కసారే పిడికిలి బిగించినట్టు.

ఏడేళ్ళకి రాజ్యం తిరిగొచ్చింది.
కోటగోడ కంటే ముందు, వంతెన కంటే ముందు
చిట్టా కావాలంది.
"నీకంతా నోటికొచ్చటగా" అన్నాడు కొత్త దొర.
వచ్చు.
రాసుకుంటూ పోయాను, రాయి, పార, పందిపిల్ల.
కొన్ని పేర్ల దగ్గర చెయ్యి ఆగేది.
మరిచిపోయానన్నాను.
నిజంగా మరిచానో, భయపడ్డానో, సిగ్గుపడ్డానో
ఈ వయసులో నాకే తేలడం లేదు.
నలభైమంది దాకా ఉంటారు,
ఒక గుమాస్తా మతిమరుపుకి పుట్టిన స్వతంత్రులు.

ఎవరైనా తలరాత అంటే నాకు నవ్వొస్తుంది.
ఆ నుదుళ్ళ దగ్గర
నేనెప్పుడూ ఏ దేవుణ్ణీ చూడలేదు.
అది నా చేతిరాత.
కాస్త కుడివైపుకి వాలుతుంది.

ఓక్దాన్ యుద్ధం మొదటి చలికాలమే పోయింది, జొరంతో.
ఆమె కొడుకు ఓన్‌బొక్
నేను మరిచిపోయిన వాళ్ళలో ఒకడు.
ఉప్పు మోశాడు, ఉప్పు అమ్మాడు,
కరువు ఏడాది ఖజానాకి ముప్ఫై బస్తాలు కొలిచి
పేరుచోట ఖాళీ ఉన్న బిరుదు పత్రం కొనుక్కున్నాడు.
ఆ ఖాళీలో అతని పేరు నేనే రాశాను,
మామూలు కంటే కొంచెం పెద్ద అక్షరాల్లో.
గుర్రపు వెంట్రుకల టోపీ సర్దుకుంటూ
ఏడ్చాడు. నాకూ గొంతు పట్టేసింది.

నిన్న మళ్ళీ వచ్చాడు.
వెనక ఒక పిల్ల, తొమ్మిదేళ్ళుంటాయేమో.
బాకీ కింద వచ్చిందట. కాగితం పుట్టించాలట.
ఓక్దాన్ కోసం అతని ముఖమంతా వెతికాను.
ముక్కు ఆమెదే.
నేనేమీ అనలేదు.
మంచి సిరా తెచ్చానండీ, అన్నాడు,
ఈ చలికి గడ్డకట్టదు.

పిల్ల అడక్కుండానే కుడిచెయ్యి చాపింది.
ఎవరు నేర్పారో.
ఎంత చిన్న చెయ్యంటే
దాని చుట్టూ బోలెడు తెలుపు మిగిలిపోయింది.
బొటనవేలి దగ్గర మొదలుపెట్టాను.
చిటికెనవేలి దగ్గరకొచ్చేసరికి
నవ్వింది.